సూది గుచ్చుకున్నది ఆయమ్మకు, రిపోర్టులో రాయాల్సింది ఎవరి పేరు?

తన పేరు, ఆసుపత్రి పేరు బయట పెట్టవద్దని కోరుతూ దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి ఒక స్టాఫ్ నర్సు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె నలభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు; ప్రస్తుతం జనరల్ వార్డుకు ఇన్‌ఛార్జి. ఉత్తరం రాయడానికి పన్నెండు రోజుల ముందు, తెల్లవారుజామున చెత్త కవర్లు కట్టే వేళ, కాంట్రాక్టు మీద పనిచేసే ఆయమ్మ కుడిచేతి చూపుడువేలికి సూది దిగింది. పసుపు కవరు నిండిపోయి మూతి ముడి పడకపోవడంతో ఆమె ఎప్పటిలాగే అరచేత్తో అదిమి జాగా చేయబోయింది. లోపల దూదికీ గాజుగుడ్డలకూ మధ్య సెలైన్ గొట్టం (కాన్యులా) నరంలోకి పెట్టేందుకు వాడే సూది ఉంది. ఆమె చేతికి ఉన్నవి వార్డులో పేషెంట్లను చూసేటప్పుడు వేసుకునే పల్చటి గ్లౌజులే.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని జూనియర్ సిస్టర్. సూదులు వేసే తెల్ల డబ్బా రెండు రోజులుగా మూతి దాకా నిండి ఉంది. కొత్త డబ్బా కోసం పెట్టిన ఇండెంట్‌కు స్టోర్ నుంచి జవాబు లేదు. దాంతో ఆ అమ్మాయి సూదిని కిడ్నీ ట్రేలో పెట్టి, తర్వాత తీద్దామనుకుంది. ఈలోగా మరో పేషెంటుకు ఆయాసం రావడంతో అటు పరుగెత్తింది. ట్రేలో ఉన్నదంతా పసుపు కవరులోకి వెళ్లిపోయింది. ఆయమ్మ వేలు పిండి రక్తం తీసి, స్పిరిట్ పోసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. "గింత సూదికే ఏమైతది మేడం, ముల్లు గుచ్చుకుంటలేదా" అని ఆమె మర్నాడు మళ్లీ పనిలోకి వచ్చేసింది.

ఉత్తరం రాసిన సోదరి విషయాన్ని నర్సింగ్ సూపరింటెండెంట్ దృష్టికి తీసుకువెళితే, "వచ్చే నెల ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వస్తున్నారు, ఇప్పుడు ఇన్సిడెంట్ రిపోర్టులేమీ వద్దు. రాసి తీరాలనుకుంటే ఆ పిల్ల పేరు రాయి, జీతంలో కోత పెడతారు" అన్నారట. (ఎన్‌ఏబీహెచ్ అంటే ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ.) దీనికి తోడు ఆ వార్డులో షిఫ్టుకు ఇన్ని గ్లౌజులని లెక్కపెట్టి ఇస్తారు, పదిహేను రోజులకు ఒక ఎన్-95 మాస్కు. నాలుగు రోజులు ఎడతెగని దగ్గుతో అదే వార్డులో పడుకున్న ఒక పేషెంటుకు ఆ తర్వాత క్షయ అని తేలింది. ఇంట్లో షుగర్ ఉన్న అత్తగారికి ఏమన్నా అంటుకుంటుందేమోనన్న భయంతో ఈమె హాల్లో వేరుగా పడుకుంటున్నారు. భర్త "తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చావు, ఇంకొన్నాళ్లు ఊరుకో" అంటున్నారు. మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు హెచ్‌ఆర్ బీరువాలో ఉన్నాయి. ఆయమ్మకు ఇప్పుడు చెప్పి భయపెట్టాలా, రిపోర్టులో ఆ అమ్మాయి పేరు రాయాలా, అసలు ఈ ఉద్యోగంలో ఉండాలా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి గనుకనే మీకు దారి తోచడం లేదు. యాజమాన్యంతో మీ గొడవ నెలలు పట్టవచ్చు, పట్టినా ఫరవాలేదు. ఆయమ్మ ఆరోగ్యానికి మాత్రం గడియారం ఇప్పటికే నడుస్తోంది. కాబట్టి రిపోర్టు సంగతి తేలేదాకా ఆమె విషయం ఆగకూడదు. ఈ రెండింటినీ ముందు విడదీయండి.

సూది దిగిన మొదటి గంటల్లో జరగవలసినవి కొన్ని జరగలేదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటింది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్‌కు టీకా వేయించుకోని వారికి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ మొదటి 24 గంటల్లో పడితే మేలు, వారం దాటాక దానివల్ల ప్రయోజనం ఉండదు. ఆ గడువూ దాటింది. వేలు పిండడం, స్పిరిట్ పోయడం మన వార్డులన్నింటిలో అలవాటుగా జరిగిపోయే పనులే గాని వాటివల్ల లాభం లేదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగడమే సరైన పద్ధతి. ఇదంతా మిమ్మల్ని కుంగదీయడానికి చెప్పడం లేదు. మీ వార్డు గోడ మీద ఈ గడువులు రాసి ఉంటే ఆ ఉదయం ఎవరికైనా గుర్తొచ్చేవి.

ఇక మిగిలి ఉన్నది తక్కువేమీ కాదు. ఒక్క సూదిపోటుతో హెచ్‌ఐవీ సోకే అవకాశం, ఆ సూది హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తిదే అయినా, సుమారు 0.3 శాతం; అంటే మూడు వందల్లో ఒకటి. హెపటైటిస్-సి విషయంలో అది రెండు శాతం లోపే ఉంటుంది, సోకినా ఇప్పుడు నోటి మాత్రలతో నయమవుతుంది, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. నాకు నిజంగా దిగులు కలిగించేది హెపటైటిస్-బి. టీకా లేని మనిషికి, ఆ వైరస్ ఉన్న రక్తం అంటిన సూది దిగితే, ఆ రోగి రక్తంలో వైరస్ ఎంత ఉధృతంగా ఉందన్నదాన్ని బట్టి ఆరు నుంచి ముప్పై శాతం దాకా సోకే అవకాశం ఉంది. ఎండిపోయిన రక్తంలో కూడా ఆ వైరస్ కనీసం వారం రోజులు బతుకుతుంది. మన ఆసుపత్రుల్లో డాక్టర్లకూ సిస్టర్లకూ టీకా వేయించి, ఏజెన్సీ ద్వారా వచ్చిన ఆయమ్మల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోవడం మామూలే. అందరికంటే ఎక్కువసార్లు ఆ కవర్లు కట్టేది మాత్రం వాళ్లే.

అందుచేత ఈ వారంలోనే ఆమెను రక్తపరీక్షకు తీసుకువెళ్లండి. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ మూడూ చేయించాలి. గతంలో టీకా వేయించుకున్నానని ఆమె అంటే, రక్షణ ఎంత ఉందో తెలిపే యాంటీబాడీ పరీక్ష కూడా చేయించండి. అది 10 యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే హెపటైటిస్-బి సంగతి మరిచిపోవచ్చు. టీకా లేకపోతే రక్తం ఇచ్చిన రోజే మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. ఆలస్యమైనా టీకా వృథా కాదు, ఎందుకంటే రేపు కూడా ఆమె కట్టేది ఆ కవర్లే. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలు ఉన్నాయి. హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, 1097 నంబరుకు ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం ఎక్కడో చెబుతారు. తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ పరీక్షలు ఉంటాయి. అప్పటిదాకా ఆమె రక్తదానం చేయకూడదు, భార్యాభర్తలు కండోమ్ వాడాలి. పిల్లలను దగ్గరకు తీసుకోవడం, వంట చేయడం, ఒకే కంచంలో తినడం వీటికి అడ్డేమీ లేదు.

ఆమెకు చెబితే భయపడుతుందని మీరు వెనకాడుతున్నారు. భయపడుతుంది, నిజమే. అయితే ఆమె ఒంటికి పొంచి ఉన్న ముప్పు గురించి వార్డంతా తెలిసి, ఆమెకొక్కదానికే తెలియకపోవడం సబబు కాదు. కూర్చోబెట్టి, టీ తాగుతూ, నెమ్మదిగా చెప్పండి: "నీ తప్పేమీ లేదమ్మా. సూది కవరులో ఉండకూడదు, ఉంది. ఏమీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. అయినా పరీక్ష చేయించుకుంటే నీకూ నాకూ నిశ్చింత. ఖర్చు నీ మీద పడకుండా నేను చూస్తాను." చివరి మాట అనేముందు అది నిలబెట్టుకోగలరో లేదో చూసుకోండి. హెచ్‌ఐవీ పరీక్ష ఆమె ఒప్పుకుంటేనే జరగాలి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ సమ్మతిని తప్పనిసరి చేసింది. మీ ఆసుపత్రి ల్యాబ్‌లో చెప్పకుండా చేయించి ఫలితాన్ని మేనేజర్ బల్ల మీద పెట్టే పద్ధతి మాత్రం వద్దు. ఆ రాత్రి వార్డులో కాన్యులా పెట్టిన పేషెంట్లు ఎవరో కేస్‌షీట్ల వల్ల మీకు తెలిసే ఉంటుంది. ఆపరేషన్‌కు వచ్చినవారైతే వాళ్ల వైరల్ మార్కర్ల, అంటే ఈ వైరస్‌ల రక్తపరీక్షల, ఫలితాలు కూడా అందులోనే ఉంటాయి. వాటిని చూసి ఆయమ్మకు ఏం అవసరమో డాక్టరుగారు చెప్పవచ్చు గాని, ఫలానా మంచం మీది మనిషి అని ఆమెకు గాని ఇంకెవరికి గాని తెలియనివ్వకూడదు.

ఈ తొలి పరీక్షకు మరో ప్రాముఖ్యం కూడా ఉంది. ఇప్పుడు నెగటివ్ వచ్చి మూడు నెలల తర్వాత పాజిటివ్ వస్తే, ఆ జబ్బు ఈ పనివల్ల వచ్చిందనడానికి ఆమె చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమొక్కటే. ఆమె జీతంలో ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందో లేదో అడగండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం వచ్చే కాంట్రాక్టు కార్మికులకు కూడా అది వర్తిస్తుంది. ఏజెన్సీ కట్టకపోతే ఆ బాధ్యత ప్రధాన యజమానిగా ఆసుపత్రి మీదకు వస్తుంది. పనిలో జరిగిన ప్రమాదంగా నమోదైతేనే ఆమెకు చికిత్స, పరిహారం సాఫీగా అందుతాయి. తొలి పరీక్షా లేక, ప్రమాదం నమోదూ కాకపోతే ఏడాది తర్వాత "నీకు ఇంటి దగ్గర వచ్చి ఉంటుంది" అని ఎవరైనా అనగలరు. ఆడమనిషి విషయంలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా తీస్తారని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ జూనియర్ అమ్మాయి పేరు. సూది వాడిన చోటే, వాడిన చేతితోనే డబ్బాలో వేయాలన్నది నర్సింగ్‌లో మొదటి పాఠం. ఆ అమ్మాయి అది తప్పింది. ఆ మాట ఆమెతో ఒంటరిగా, సూటిగా అనండి. కానీ డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్చాలి. రెండు రోజులుగా మూతి దాకా నిండిన డబ్బా వార్డులో ఉందంటే, ఆ రాత్రి ఎవరు డ్యూటీలో ఉన్నా ఇదే జరిగి ఉండేది. జీతం కోసినంత మాత్రాన స్టోర్ నుంచి డబ్బా రాదు. ఇకముందు మీ ఆసుపత్రిలో ఎవరికి సూది గుచ్చుకున్నా నోరు విప్పరన్నది ఒక్కటే దానివల్ల జరుగుతుంది. అప్పుడు ఆ 72 గంటలు మళ్లీ దాటిపోతాయి.

కాబట్టి రిపోర్టు రాయండి, ఏం జరిగిందో రాయండి. "ఫలానా తేదీన తెల్లవారుజామున జనరల్ వార్డులో పసుపు కవరు కడుతుండగా హౌస్‌కీపింగ్ సిబ్బంది కుడిచేతి చూపుడువేలికి కాన్యులా సూది గుచ్చుకున్నది. ఆ సమయానికి వార్డులోని షార్ప్స్ (సూదుల) డబ్బా పూర్తిగా నిండి ఉన్నది. కొత్త డబ్బాకు ఫలానా తేదీన ఇండెంట్ ఇవ్వడమైనది, సరఫరా కాలేదు. సిబ్బందికి మందమైన గ్లౌజులు అందుబాటులో లేవు." ఇలా రాస్తే అందులో అబద్ధం లేదు, దాచినదీ లేదు, ఆ అమ్మాయిని బలిపెట్టినదీ లేదు. డ్యూటీ రోస్టర్ చూస్తే ఎవరున్నారో వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. విచారణలో అడిగితే ఆ అమ్మాయి తన నోటితో చెప్పుకోనివ్వండి. రిపోర్టు మీద మీరు రాసిన రోజు తేదీనే వేయండి. పాత తేదీ వేయమని, గాయమైన వెంటనే టీకా ఇచ్చామని రాయమని, పరీక్ష వద్దన్నదని ఆయమ్మ వేలిముద్ర తీసుకోమని ఒత్తిడి రావచ్చు. ఆ కాగితాల మీద సంతకం పెట్టవద్దు. రేపు ఏ గొడవ వచ్చినా మొదట ఇరుక్కునేది ఇన్‌ఛార్జి సంతకమే.

సూపరింటెండెంట్ గారి ఎన్‌ఏబీహెచ్ భయానికి మీ దగ్గర మంచి సమాధానమే ఉంది. సూదిపోట్ల సంఖ్య ఆ సంస్థ చూసే నాణ్యతా సూచికల్లో ఒకటి. ఏళ్ల తరబడి ఒక్క సూదిపోటూ లేదని చూపే రిజిస్టర్‌ను, వార్డుల్లో పనిచేసిన ఏ అసెసరూ నమ్మడు. నలభై పడకల ఆసుపత్రిలో అది జరిగే పని కాదు. ఒక సంఘటన, దాని కారణం, చేయించిన పరీక్షలు, ఆ తర్వాత మార్చిన డబ్బాలు వరుసగా రాసి ఉన్న రిజిస్టర్ అయితే ఆసుపత్రికి మేలే చేస్తుంది. రిసెప్షన్‌లో కొత్త గ్రానైట్ వేయించి తనిఖీకి సిద్ధమయ్యామనుకునే యాజమాన్యాలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. మీరు ఫిర్యాదుదారులా గాక, తనిఖీ గట్టెక్కే మార్గం చెబుతున్న మనిషిలా ఆ గదిలోకి వెళ్లండి. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న ఇన్‌ఛార్జికి ఆ గొంతు సహజంగానే వస్తుంది.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, తగిన రక్షణ సామగ్రి ఇవ్వడం, చేరినప్పుడూ ఆ తర్వాత ఏటా ఒకసారైనా ఆరోగ్య పరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. కాంట్రాక్టు అన్న మినహాయింపు అందులో లేదు. సూదిపోటు వంటి చిన్న ప్రమాదాలను కూడా వార్షిక నివేదికలో చూపాలి. ముప్పై లేదా అంతకు మించి పడకలున్న ఆసుపత్రిలో ఈ విషయాలు చూసే కమిటీ ఆరు నెలలకొకసారి కూర్చుని మినిట్స్ రాయాలి. మీ ఆసుపత్రిలో ఆ కమిటీ సభ్యులెవరో కనుక్కోండి, కొన్నిచోట్ల సభ్యులకే తాము సభ్యులమని తెలియదు. మీ రిపోర్టును ఆ కమిటీ పేరుతోనే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. లేదా మెయిల్ చేసి మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి.

లోపల ఎవరూ పట్టించుకోకపోతే బయటి దారులు ఉన్నాయి. వ్యర్థాల నిబంధనలకు సంబంధించి సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి, ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌కు సంబంధించి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలి. రక్షణ సామగ్రి, సూదిపోటు తర్వాతి మందులు అందకపోవడం ఆయన పరిధిలోకే వస్తుంది. అయితే బయటి ఫిర్యాదువల్ల ఏం జరుగుతుందో తెలిసే దిగండి. పేరు లేకుండా రాసినా నలభై పడకల చోట అది ఎవరు రాశారో ఒక్క పూటలో పోల్చుకుంటారు. తనిఖీ జరిగి నోటీసు రావచ్చు, డబ్బాలు, గ్లౌజులు రావచ్చు. ఆయమ్మ పరీక్షల ఖర్చు మాత్రం దానంతటది రాదు. ఏజెన్సీ ఆమెను వేరే చోటికి మార్చేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ దారి పట్టేముందు ఆమె పరీక్ష కాగితాలు ఆమె చేతిలో ఉండేటట్టు చూడండి, ఆమె ఇష్టం కనుక్కోండి. ఆమె పేరు మీద పోరాటం ఆమెకు తెలియకుండా జరగకూడదు.

మీ వారు చెప్పినట్టు ఊరుకోవడం కూడా ఒక దారే, దాన్ని నేను తీసిపారేయను. జీతం మీద ఇల్లు నడిచేవాళ్లకు ధైర్యం గురించి ఉపన్యాసాలు అక్కరలేదు. కానీ ఊరుకున్నా ఆయమ్మ పరీక్షలు, టీకా ఆగకూడదు. ఇంకో సూది ఇంకొకరికి దిగినప్పుడు "ఇన్‌ఛార్జికి ముందే తెలుసు" అన్న మాట మీ మీదకు వస్తుందన్నది కూడా ఆయనతో చెప్పి చూడండి.

అనుమతులతో పనిలేకుండా రేపటి నుంచే మీ చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి. కవరును అదమవద్దని, ముప్పావు నిండగానే మెడ పట్టుకుని ఒంటికి తగలకుండా దూరంగా ఎత్తాలని ఆయమ్మలందరికీ చేసి చూపించండి. వాళ్లకు కావలసినవి మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులు. సూదిని అవి కూడా పూర్తిగా ఆపలేవు గాని పల్చటి లేటెక్స్ కంటే ఎంతో నయం, కడిగి మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి స్టోర్ వాళ్లకు లెక్కల్లో కూడా కలిసొస్తుంది. వాడిన సూదికి మళ్లీ టోపీ పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి. గ్లౌజులు లెక్కపెట్టి ఇస్తున్న చోట ఒకే జత వేసుకుని నలుగురు పేషెంట్ల దగ్గరికి తిరగడం మొదలవుతుంది; దానికంటే, రక్తం, స్రావాలు తగలని పనులకు గ్లౌజు లేకుండా వెళ్లి ప్రతి పేషెంటుకూ మధ్య హ్యాండ్‌రబ్‌తో ఇరవై ముప్పై సెకన్లు చేతులు రుద్దుకోవడం క్షేమం.

క్షయ విషయంలో మీ భయం కొంత తగ్గించగలను. ఆ జబ్బు గాలిలో తేలే కణాలతో వస్తుంది, బట్టల మీద, గిన్నెల మీద ఇంటికి రాదు. ఆ పేషెంటు పక్కన మీరు పనిచేసినంత మాత్రాన మీ నుంచి అత్తగారికి అంటదు. మీకు జబ్బు వచ్చి దగ్గు మొదలైతేనే ఆ ప్రశ్న వస్తుంది. క్రిమి ఒంట్లో చేరినవారిలో కూడా జీవితకాలంలో జబ్బు పడేది పదిలో ఒకరి లోపే. కాబట్టి హాల్లో వేరుగా పడుకోనక్కరలేదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం తెమడ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ గనుక అత్తగారి విషయంలోనూ అదే గుర్తుంచుకోండి. వార్డులో దగ్గే పేషెంటు రాగానే మొదట మామూలు సర్జికల్ మాస్కు వేయాల్సింది ఆ పేషెంటుకు. ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, మంచాన్ని కిటికీ పక్కకు జరపడానికి ఎవరి ఇండెంటూ అక్కరలేదు. ఎన్-95ను ముక్కు దగ్గర నొక్కి, రెండు పట్టీలూ వేసి, గట్టిగా ఊదినప్పుడు అంచుల నుంచి గాలి రాకపోతేనే అది పనిచేస్తున్నట్టు. తడిసినా, పట్టీలు వదులైనా పదిహేను రోజులు కాలేదని దాచుకోకుండా పారేయండి.

చివరిగా ఉద్యోగం. ఉండాలో మానాలో ఇప్పుడే తేల్చవద్దు, రిపోర్టుకు వాళ్లిచ్చే జవాబు చూశాక తేల్చండి. ఆ జవాబు ఏదైనా సర్టిఫికెట్లు మాత్రం ఈలోగా అడగండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ ఆస్తి. పరిశీలించి తిరిగి ఇవ్వాలే గాని తాకట్టు వస్తువుల్లా అట్టిపెట్టుకునే హక్కు యజమానికి లేదు. బ్యాంకు పని ఉందనో, నర్సింగ్ కౌన్సిల్‌లో రెన్యువల్ ఉందనో సాకులు చెప్పకుండా, ఒక తేదీ లోపల ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి ప్రతి దాచుకోండి. ఇవ్వకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఒక్క లాయరు నోటీసుతో బీరువా తెరుచుకున్న సందర్భాలు చాలానే ఉన్నాయి. ఆయమ్మ కూడా అదే సంస్థకు వెళ్లవచ్చు. ఇద్దరూ కలిసి ఒకే రోజు వెళ్తే ఆమెకు దారి తెలుస్తుంది, మీకు తోడు ఉంటుంది.